ఎముకల సాక్ష్యం – కథల సాక్ష్యం

కిందటేడు ఒక పరిశోధక విద్యార్థిని తన సిద్ధాంతవ్యాసంలో ఒక అధ్యాయం చూసి పెట్టమని నాకు పంపించింది. తెలుగు కథల్లో అంటువ్యాధుల చిత్రణ ఆమె తీసుకున్న విషయం. అందులో నా కథ ఒకటి ఉంది. 1983లో రాసింది. ఒక మాసపత్రికలో వచ్చి, తర్వాత ఒక సంకలనంలోకి ఎక్కి, చివరికి నేనే మరిచిపోయిన కథ. కృష్ణ ఒడ్డున ఒక పల్లె, 1918. ఇంటికొకరు చొప్పున మనుషులు రాలిపోతుంటారు. మశూచి. పోలేరమ్మ గుడి ముందు ఘటాలు లేస్తాయి. ఆ గుడి మెట్టు ఎక్కనివ్వని పేటలోంచి ఒక తల్లి ఒళ్ళంతా పొక్కులు లేచిన బిడ్డను ఎత్తుకుని గుడి వైపు నడుస్తుంది. కథకు అప్పట్లో కాస్త పేరు వచ్చింది. ప్రతీక బలంగా ఉందన్నారు. ఈ అమ్మాయి మెచ్చుకుని ఊరుకోలేదు. 1918లో కృష్ణా డెల్టాలో మశూచి తీవ్రంగా ఉండేదనటానికి నా కథను ఆధారంగా చూపించింది. పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒక ప్రశ్న కూడా పెట్టింది: "మాస్టారూ, ఇది మీ ఇంట్లో విన్న సంగతేనా?"

విన్న సంగతే. అయితే నేను విన్నది మశూచి కాదు.

మా అమ్మమ్మ చెప్పింది "జ్వరాల యేడు" గురించి. దాన్ని మశూచిగా మార్చింది నేను. ఎందుకు మార్చానో కూడా బాగా గుర్తుంది. జ్వరానికి ప్రతీక లేదు. మశూచికి అమ్మవారు ఉంది, గుడి ఉంది, గుడి బయట నిలబెట్టిన మనుషులున్నారు. వస్తువుకు సామాజికమైన బలం వస్తుందనుకున్నాను. కథలో అది తప్పేమీ కాదని ఇవాళ కూడా వాదించగలను. కాని నా కల్పన ఇప్పుడు ఒక సిద్ధాంతవ్యాసంలో చరిత్రగా కూర్చుంది. రేపు ఆ వ్యాసాన్ని చూసి ఇంకొకరు రాస్తారు. అమ్మమ్మ 1979లో పోయింది. మళ్ళీ అడగటానికి మనిషి లేదు.

ఆ పెన్సిల్ ప్రశ్నకు జవాబు రాయటానికి నాకు చాలా నెలలు పట్టింది. ఈ నెలల్లో నేను చదివినవి సాహిత్య విమర్శ గ్రంథాలు కావు. ప్రాచీన మానవ దేహాల్లోంచి, అంటే మమ్మీల్లోంచి, పళ్ళలోంచి, సీసాల్లో నిలవబెట్టిన ఊపిరితిత్తుల్లోంచి, వైరస్‌ల చరిత్రను బయటికి తీస్తున్నవాళ్ళ పరిశోధనలు. మనకేం సంబంధం అని మిత్రులు అనవచ్చు. ముందుగా నేపుల్స్ బిడ్డ సంగతి చెబితే సంబంధం తెలుస్తుంది.

ఇటలీలో నేపుల్స్ నగరంలో సాన్ డొమెనికో మజ్జోరే అనే చర్చి ఉంది. అక్కడి శవపేటికల్లో పదిహేను, పదహారు శతాబ్దాల రాజవంశీకులు, ప్రభువులు భద్రంగా ఉన్నారు. (చచ్చిపోయాక కూడా భద్రంగా ఉండే యోగం అందరికీ పట్టదు. ఆ మాట తర్వాత.) వాళ్ళ మధ్య రెండేళ్ళ బిడ్డ ఒకటి. పదహారో శతాబ్దపు బిడ్డ. ఎండిన చర్మం మీద, మొహం మీద, చేతుల మీద పొక్కుల గుర్తులు. 1980ల్లో పీసా విశ్వవిద్యాలయానికి చెందిన జీనో ఫోర్నచారి బృందం పరీక్షించింది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో వైరస్ ఆకారాల్లాంటివి కనిపించాయి. యాంటీబాడీలతో చేసిన పరీక్ష కూడా కుదిరింది. మశూచి అని తేల్చారు. 1986లో ప్రకటించారు. అప్పటినుంచి మధ్యయుగాంతపు ఐరోపాలో మశూచికి ఆ బిడ్డ ప్రత్యక్ష సాక్ష్యం అయిపోయింది.

2018లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు, అదే ఫోర్నచారితో కలిసి, ఆ దేహంలోంచి డి.ఎన్.ఏ. తీసి చదివారు. మశూచి వైరస్ తునక ఒక్కటి కూడా లేదు. ఉన్నది హెపటైటిస్ బి. కాలేయాన్ని పట్టే ఈ వైరస్ సోకిన పసిపిల్లలకు కొందరికి మొహం మీద, చేతులూ కాళ్ళ మీద పొక్కులు లేస్తాయి. వాళ్ళు చూసిన పొక్కులు నిజమే. పొక్కుల అర్థం తప్పు. ముప్పై ఏళ్ళపాటు ఒక బిడ్డ తనకు లేని జబ్బుకు సాక్ష్యం చెప్పింది.

ఇందులో నన్ను పట్టుకున్నది సాంకేతిక విజయం కాదు, మొదట తప్పు చదివినవాడే రెండోసారి చదివిన బృందంలో ఉండటం. మన విమర్శకుల్లో తన పాత తీర్పును ముప్పై ఏళ్ళ తర్వాత తానే కొట్టేసుకున్నవాళ్ళు ఎందరున్నారో లెక్క పెట్టండి. ఒక చేతి వేళ్ళు చాలు.

ఆ రెండో చదువులో కూడా వాళ్ళు ఒక ఇబ్బందిని దాచలేదు. ఆ బిడ్డలో దొరికిన హెపటైటిస్ బి వైరస్, ఇవాళ మనుషుల్లో తిరుగుతున్న ఒక రకానికి చాలా దగ్గరగా ఉంది. నాలుగున్నర శతాబ్దాల్లో ఇంత తక్కువ మార్పా? నిన్న మొన్న ఎవరి చేతి నుంచో అంటుకుందేమో! ఈ అనుమానాన్ని వాళ్ళే లేవనెత్తి, వాళ్ళే పరీక్షించారు. మన సాహిత్య చరిత్రలో దీనికి సోదర సమస్య ఉంది. 1909లో మానవల్లి రామకృష్ణకవి అచ్చువేసిన నన్నెచోడుడి 'కుమారసంభవం' నన్నయకు ముందుదా, తర్వాతదా, చివరికి అసలు ప్రాచీన కావ్యమేనా అని మనవాళ్ళు ఎంత సిరా ఖర్చుపెట్టారో సాహిత్య విద్యార్థులకు చెప్పనక్కర్లేదు. ఆ చర్చలో ప్రాంతాభిమానం, మతాభిమానం, వ్యక్తుల మీద కోపతాపాలు ఎంత పాలు పంచుకున్నాయో కూడా చెప్పనక్కర్లేదు. వైరస్ వాళ్ళకు మాత్రం పాతదాన్ని పాతదని చూపించే గుర్తొకటి చేతిలో ఉంది. మనిషి చనిపోయాక డి.ఎన్.ఏ. చిన్న చిన్న తునకలవుతుంది. తునకల అంచుల్లో ఒక అక్షరం రసాయనికంగా చెడి, చదివేటప్పుడు ఇంకో అక్షరంలా కనిపిస్తుంది. చెదలు తిన్న అంచు తాళపత్రానికి ఎలాగో, ఈ చెడిన అంచు ప్రాచీన డి.ఎన్.ఏ.కి అలాగ. తునక పొడుగ్గా, శుభ్రంగా, అంచులు చెక్కుచెదరకుండా ఉంటే సంతోషించరు, అనుమానిస్తారు. నేపుల్స్ బిడ్డలో అంచులు చెడే ఉన్నాయి. కనుక పాతదే అన్నారు.

తాళపత్రాల పోలిక నేను అలంకారానికి తేలేదు. వంశవృక్షం కట్టే పద్ధతి కూడా అదే. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను 1829లో అచ్చువేయటానికి ముందు ఎన్నో ప్రతులు పోగుచేయించి పోల్చి చూపించాడు. ప్రతులు పోల్చేవాడు ముందు చూసేది ఏమిటి? లేఖకప్రమాదాలు. రెండు ప్రతుల్లో సరైన పాఠం ఒకటే ఉంటే దానివల్ల ఏమీ రుజువు కాదు. రెండిటిలోనూ ఒకే చోట ఒకే తప్పు ఉంటే, ఆ రెండూ ఒకే తల్లి ప్రతి నుంచి దిగినవి. వైరస్ కూడా తనను తాను నకలు తీసుకుంటుంది. ప్రతి కొన్ని నకళ్ళకూ ఒక అక్షరం తప్పు రాస్తుంది. ఆ తప్పు పిల్లలకు వస్తుంది. తప్పుల ఉమ్మడిని బట్టి వృక్షం గీస్తారు. గీసిన వృక్షానికి కాలం తెలియాలంటే, తేదీ తెలిసిన పాత ప్రతి ఒకటి చేతికి చిక్కాలి. గద్యలో లేఖకుడు శాలివాహన శకం వేసిన ప్రతి పరిష్కర్తకు ఎంత విలువైనదో, తేదీ తెలిసిన శవం వీళ్ళకు అంత విలువైనది. దాన్నుంచి ఏడాదికి ఎన్ని తప్పులు పడుతున్నాయో లెక్కకడతారు. ఆ లెక్కతో ఇంకా వెనక్కి వెళతారు.

వెనక్కి వెళ్ళటంలోనే ప్రమాదం కూడా ఉంది. మశూచి దీనికి మంచి ఉదాహరణ. నా సొంత తప్పు ఇంకొకటి కూడా ఇక్కడే ఉంది.

మశూచికి మూడు వేల ఏళ్ళ వయసని చాలా పుస్తకాల్లో ఉంటుంది. దానికి ప్రధానంగా చూపే సాక్ష్యం ఈజిప్టు ఫరో అయిదో రామ్‌సెస్ మమ్మీ. క్రీస్తుకు పూర్వం పన్నెండో శతాబ్దం నడిమివాడు. మొహం మీద, మెడ మీద పొక్కుల మచ్చలు. 1979లో కైరోలో ఆ మమ్మీని చూసిన డొనాల్డ్ హాప్కిన్స్, మశూచి నిర్మూలనలో పనిచేసిన వైద్యుడు, అవి మశూచిని పోలి ఉన్నాయన్నాడు. పోలి ఉండటం దగ్గరే అది ఆగిపోయింది. ఫరో దేహంలోంచి మశూచి డి.ఎన్.ఏ.ను ఎవరూ చదవలేదు. నేపుల్స్ బిడ్డ సంగతి తెలిశాక, చర్మం మీద మచ్చల్ని చూసి జబ్బు పేరు చెప్పటానికి నాకైతే నోరు రాదు.

2016లో లిథువేనియా రాజధాని విల్నియస్‌లో ఒక చర్చి నేలమాళిగలోని పసిబిడ్డ మమ్మీలో మశూచి వైరస్ జన్యురాశి పూర్తిగా దొరికింది. కాలం 1643కూ 1665కూ మధ్య. దాన్ని ఇరవయ్యో శతాబ్దపు నమూనాలతో పోల్చి వృక్షం గీస్తే, వాటన్నిటికీ ఉమ్మడి పూర్వికుడు సుమారు 1588–1645 మధ్య ఉన్నాడని తేలింది. నేనీ సంగతి ఒక వార్తాకథనంలో చదివాను. చదివిన వారంలోనే ఒక సాహిత్య సభలో "మశూచి వలసవాదపు బిడ్డ" అని ఉపన్యసించాను. ఓడలు, బానిసల వ్యాపారం, సామ్రాజ్యాలు, అదే శతాబ్దం! ఎంత చక్కగా అతికింది! చప్పట్లు కూడా పడ్డాయి.

అతికింది కాబట్టే అనుమానించవలసింది. మెక్సికోలో స్పెయిన్ సైన్యాల వెంట మశూచి వచ్చి ఆజ్‌టెక్ రాజధానిని ఊడ్చేసింది 1520లో. ఉమ్మడి పూర్వికుడి కంటే అది ముందే. మరి నా లెక్క ఏమైంది? దీని జవాబు కూడా ప్రతుల శాస్త్రంలోనే ఉంది. ఒక కావ్యానికి మిగిలిన ప్రతులన్నీ పదహారో శతాబ్దపు ఒక్క ప్రతి నుంచి దిగాయని తేలితే, కవి పదహారో శతాబ్దం వాడని కాదు. మిగతా శాఖలు చెదలు తిన్నాయని అర్థం. విల్నియస్ బిడ్డ చెప్పింది బతికి మిగిలిన శాఖ వయసు మాత్రమే, జబ్బు పుట్టిన రోజు కాదు. పరిశోధకుల మాటల్లో ఈ జాగ్రత్త ఉంది. వార్తాకథనంలో లేదు. నా ఉపన్యాసంలో అసలే లేదు.

2020లో ఆ చెదలు తిన్న శాఖ ఒకటి దొరికింది కూడా. బార్బరా మ్యూలెమాన్, ఆమె సహచరులు యూరప్, ఆసియా, అమెరికాలకు చెందిన 1,867 మంది ప్రాచీనుల అవశేషాలను జల్లెడ పట్టారు. ఉత్తర ఐరోపాకు చెందిన 13 మందిలో మశూచి వైరస్ తునకలు కనిపించాయి. వాళ్ళలో 11 మంది సుమారు 600కూ 1050కూ మధ్యవాళ్ళు, వైకింగుల కాలపు వాళ్ళు. నలుగురిలోంచి జన్యురాశి దాదాపు మొత్తం చేతికొచ్చింది. ఇవాళ్టి మశూచికి తల్లి కాదది, అంతరించిపోయిన పిన్ని. దానిలో పనిచేస్తున్న జన్యువులు, తర్వాతి మశూచిలో పనిచేసిన జన్యువులు ఒకటి కావు. అది మనుషుల్ని 20వ శతాబ్దపు మశూచి చంపినట్టే చంపేదా, లేక ఒక మాదిరి జబ్బుగా వచ్చిపోయేదా అన్నది ఎముకలు చెప్పవు. వాళ్ళూ చెప్పామనలేదు. నా "వలసవాదపు బిడ్డ" మాత్రం ఆ రోజుతో అనాథ అయింది. వలస పాలకులు మశూచిని ఖండాలు దాటించారన్నది చరిత్ర. మశూచిని పుట్టించారన్నది నా ఉబలాటం. మనకు ఇష్టమైన నిర్ణయానికి అనుకూలంగా ఉన్న సాక్ష్యాన్ని మనం ఎంత తేలిగ్గా ఒప్పుకుంటాం! ఎదుటి శిబిరం వాడి సాక్ష్యాన్నయితే చీల్చి చెండాడి ఉండేవాణ్ణి.

తట్టు సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. 1912 జూన్‌లో బెర్లిన్‌లో రెండేళ్ళ పాప ఒకతె తట్టు వచ్చి, న్యుమోనియా తిరగబెట్టి చనిపోయింది. ఆ ఊపిరితిత్తిని ఫార్మలిన్ సీసాలో నిలవబెట్టారు. నూట ఎనిమిదేళ్ళ తర్వాత 2020లో అందులోంచి తట్టు వైరస్‌ను చదివారు. ఆర్.ఎన్.ఏ. వైరస్‌లు డి.ఎన్.ఏ. కంటే తొందరగా చెడిపోతాయి కనుక ఇది చిన్న విషయం కాదు. ఆ పాప సాయంతో లెక్క వేస్తే, పశువుల రిండర్‌పెస్ట్ నుంచి తట్టు విడిపోయింది బహుశా క్రీస్తుకు పూర్వం ఆరో శతాబ్దం ప్రాంతంలో. అంతకుముందు క్రీస్తు తర్వాత తొమ్మిదో శతాబ్దానికి అటూ ఇటూ అనుకునేవారు. తట్టు ఒకసారి వచ్చినవాడికి మళ్ళీ రాదు. అది నిలవాలంటే ఎప్పుడూ కొత్త పిల్లలు పుడుతూ ఉండాలి, లక్షల జనం ఒకచోట ఉండాలి. పెద్ద నగరాలు లేచిన కాలానికీ ఈ తేదీకీ పొత్తు కుదురుతోందని వాళ్ళ ఊహ. ఒకసారి చెయ్యి కాలింది గనుక, నేనిక్కడ ఊహ అనే మాటను అండర్‌లైన్ చేసి ముందుకు పోతున్నాను.

నాకు కావలసింది 1918.

అలాస్కా పడమటి తీరంలో, బేరింగ్ సముద్రం ఒడ్డున బ్రెవిగ్ మిషన్ అనే చిన్న ఊరు ఉంది. ఇన్యూపియాట్ జనం ఊరు. 1918 నవంబరులో అక్కడ సుమారు ఎనభై మంది ఉండేవాళ్ళు. అయిదు రోజుల్లో 72 మంది ఇన్‌ఫ్లుయెంజాతో పోయారు. మిగిలింది చాలావరకు పిల్లలే. పూడ్చటానికి మనుషులు లేరు. ప్రభుత్వం నోమ్ పట్టణం నుంచి బంగారు గనుల కూలీలను పిలిపించి, ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉండే ఆ నేలలో ఒకే గొయ్యి తవ్వించి అందర్నీ అందులో వేయించింది. రెండు శిలువలు పాతారు.

1951లో యోహాన్ హుల్టిన్ అనే స్వీడిష్ విద్యార్థి అయోవా విశ్వవిద్యాలయం నుంచి అక్కడికి వెళ్ళాడు. ఆ మంచుగడ్డల కింద వైరస్ బతికి ఉండవచ్చని అతని ఆలోచన. ఊరి పెద్దల అనుమతి అడిగాడు. బతికి బయటపడ్డవాళ్ళు అప్పటికి కొందరున్నారు. ఇలాంటిది మళ్ళీ రాకుండా టీకా చెయ్యవచ్చేమో అని చెప్పాడు. వాళ్ళు ఒప్పుకున్నారు. మంటలు వేసి నేల కరిగిస్తూ తవ్వాడు. మొదట బయటపడింది బూడిదరంగు గౌను వేసుకుని, జుట్టులో ఎర్ర రిబ్బన్లు కట్టుకున్న చిన్న పిల్ల. ఊపిరితిత్తుల ముక్కలు తీసుకుని తిరిగి వెళ్ళాడు. విమానం ఆగిన చోటల్లా మంటలార్పే సిలిండరు గ్యాసుతో వాటిని మళ్ళీ గడ్డకట్టించుకుంటూ పోయాడు. ప్రయోగశాలలో వైరస్ లేవలేదు. చచ్చిపోయి ఉంది.

1997లో వాషింగ్టన్‌లో జెఫ్రీ టాబెన్‌బర్గర్, ఆన్ రీడ్ బృందం ఇంకో దారిన వచ్చింది. అమెరికా సైన్యం పాత రోగుల అవయవాల తునకల్ని మైనంలో నిలవబెట్టి దాచింది. అందులో 1918 సెప్టెంబరులో చనిపోయిన ఇరవై ఒక్క ఏళ్ళ సైనికుడి ఊపిరితిత్తి ఉంది. ఆ యేటి జ్వరం లక్షణాలు వైద్యుల రికార్డుల్లో ఉన్నాయి: మొహం నీలిబారటం, ముక్కులోంచి రక్తం, ఊపిరితిత్తుల నిండా నీరు, పిల్లల్నీ ముసలివాళ్ళనీ మాత్రమే కాక ఇరవై ముప్పై ఏళ్ళ వాళ్ళని ఎత్తుకుపోవటం. ఆ తునకలోంచి వైరస్ ముక్కలు చదివారు గాని, మొత్తం చదవటానికి కణజాలం చాలలేదు. ఆ వ్యాసాన్ని హుల్టిన్ చూశాడు. అప్పటికి 72 ఏళ్ళవాడు. ఉత్తరం రాశాడు. తన డబ్బుతో, భార్య తోటపనికి వాడుకునే కత్తెర పట్టుకుని, మళ్ళీ బ్రెవిగ్ వెళ్ళాడు. మళ్ళీ ఊరి సభను అడిగాడు. ఏడడుగుల లోతున ఒక స్త్రీ దేహం దొరికింది. చుట్టూ ఉన్నవి ఎముకలైపోయాయి. ఆమె స్థూలకాయం. ఆ కొవ్వే ఊపిరితిత్తుల్ని కాపాడింది. తిరిగి మట్టి కప్పాక, కూలిపోయిన పాత శిలువల స్థానంలో తన చేతులతో రెండు కొత్తవి చేసి పాతి వచ్చాడు. ఆ ఊపిరితిత్తుల పుణ్యమా అని వైరస్ ఎనిమిది జన్యువులూ చదవటం 2005కు పూర్తయింది. అదే ఏడు అట్లాంటాలో టెరెన్స్ టంపీ కట్టుదిట్టమైన ప్రయోగశాలలో ఆ వైరస్‌ను తిరిగి నిర్మించాడు. అది ఎలకల్ని చంపింది. అలాంటిదాన్ని మళ్ళీ లేపటం సబబా అని అప్పుడు గొడవ జరిగింది. జరగవలసిందే.

ఈ కథను నేను కనీసం ఆరుగురు రచయితల చేతుల్లో చదివాను. అందరికీ హుల్టినే కథానాయకుడు. కొందరికి వైరసే కథానాయకుడు: దాగింది, నిద్రపోయింది, మేల్కొంది! విమర్శకుడిగా నా అభ్యంతరం ఇక్కడ. హుల్టిన్ మంచివాడే. రెండుసార్లు అడిగి తవ్వాడు. అతన్నేమీ అనటం లేదు. ఆమెకు అతను పెట్టిన పేరు లూసీ. ఇథియోపియాలో 1974లో దొరికిన ముప్పై రెండు లక్షల ఏళ్ళ నాటి శిలాజం పేరు అది. తల్లిదండ్రులు పేరు పెట్టిన, 1918లో చనిపోయిన మనిషి, ఒక శిలాజం పేరుతో ప్రపంచ చరిత్రలోకి వచ్చింది. అతనా పేరు ప్రేమతోనే పెట్టి ఉంటాడు. కథ రాసేవాడు ఒక్క క్షణం అక్కడ ఆగాలి కదా? ఆగినవాడు ఒక్కడూ కనిపించలేదు.

ఇంకొకటి. ఊపిరితిత్తి వైరస్ గురించి చెబుతుంది, మరణం గురించి కొంతే చెబుతుంది. అలాస్కా పల్లెల్లో పెద్దలందరూ ఒకేసారి పడిపోయినప్పుడు, పొయ్యిలో నిప్పు వేసేవాళ్ళు లేక, తిండి తెచ్చేవాళ్ళు లేక, చలికీ ఆకలికీ పోయినవాళ్ళున్నారు. ఆ చలి ఏ జన్యువులోనూ నమోదు కాదు. అదే ఏడు మన దేశం సంగతి చూడండి. ఇండియాలో ఆ జ్వరానికి పోయినవాళ్ళు, ఒక అంచనాకీ ఇంకో అంచనాకీ తేడాలున్నా, కోటీ ఇరవై లక్షలకు తక్కువ కాదు. కోటీ ఎనభై లక్షల దాకా చెప్పినవాళ్ళున్నారు. 1911 నుంచి 1921 మధ్య దేశ జనాభా పెరగకపోగా తగ్గింది. ఆ ఏడు వానలు తప్పాయి, గింజల ధరలు మండిపోయాయి. బొంబాయి నగరం ఆరోగ్యశాఖ లెక్కల్లో వెయ్యికి ఎంతమంది చొప్పున ఇన్‌ఫ్లుయెంజాకు పోయారో కులాల వారీగా, మతాల వారీగా ఉంది. యూరోపియన్లు 8.3. పార్సీలు 9. సవర్ణ హిందువులు 18.9. ఆ లెక్క "తక్కువ కులాలు" అని పేరుపెట్టిన వాళ్ళు 61.6. వైరస్ ఒక్కటే. నాలుగు ఊపిరితిత్తుల్ని పక్కపక్కన పెట్టి ఎంత చదివినా ఈ నాలుగు అంకెల మధ్య దూరం కనిపించదు.

మరి ఎక్కడ కనిపిస్తుంది? ఇందాక "ఆ మాట తర్వాత" అన్నాను. నేలమాళిగలో పేటిక, సైనిక ఆసుపత్రిలో మైనపు దిమ్మ, మ్యూజియంలో సీసా, లేదా ఎప్పుడూ కరగని నేల. దేహం సాక్ష్యం చెప్పాలంటే వీటిలో ఏదో ఒకటి కావాలి. వైరస్‌ల ప్రాచీన చరిత్ర అని మనం ఇవాళ చదువుతున్నది చాలావరకు చల్లటి దేశాల్లో పాతిపెట్టిన మనుషుల చరిత్ర. మన ఎండ డి.ఎన్.ఏ.ను ఉండనివ్వదు. హరప్పా నాగరికతకు చెందిన రాఖీగఢీలో 61 అస్థిక నమూనాలు పరీక్షిస్తే, ఒక్కదానిలో మాత్రమే చదవదగ్గ మానవ డి.ఎన్.ఏ. దొరికిందని 2019లో ప్రకటించారు. మనిషిదే అంత కష్టమైతే, మనిషిలో పిసరంత ఉండే వైరస్ సంగతి చెప్పాలా? పైగా మనవాళ్ళలో ఎక్కువమందిని కాల్చేశారు. 1918లో కృష్ణ ఒడ్డున, గోదావరి ఒడ్డున కాలిన దేహాల్లో ఏ హుల్టిన్‌కూ ఏమీ దొరకదు. వాళ్ళకు మిగిలింది కాగితం. మరణాల రిజిస్టరులో "జ్వరం" అన్న ఒక్క మాట, ఎవరో ఒకరు రాసిన ఒక పేజీ, ఎవరో ఒకరు విన్న నాలుగు ముక్కలు.

హిందీలో నిరాలా ఆ పేజీ రాశాడు. ఇరవై ఏళ్ళ తర్వాత 'కుల్లీ భాట్'లో, భార్య జబ్బు కబురు విని దల్‌మవు వచ్చేసరికి గంగ నిండా శవాలున్నాయని, కాల్చటానికి కట్టెలు చాలలేదని, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు పోయారని. అభ్యుదయ రచయితల ఉద్యమాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఒకడైన అహ్మద్ అలీ 1940లో అచ్చయిన 'ట్విలైట్ ఇన్ ఢిల్లీ' నవలలో అదే జ్వరాన్ని చూపించాడు. గోతులు తవ్వేవాళ్ళు, కఫన్ గుడ్డలమ్మేవాళ్ళు ధరలు పెంచటం అక్కడ ఉంది. వీళ్ళిద్దరూ వైరస్‌ను చూడలేదు. కట్టెల కొరతను చూశారు, గుడ్డ ధరను చూశారు. ఆ వివరాలు వాళ్ళు అలంకారం కోసం మార్చలేదు గనుకనే ఇవాళ చరిత్రకారులు ఆ పేజీలు తెరుస్తున్నారు.

నేను మార్చాను. మశూచి, ఆటలమ్మ, తట్టు అన్నిటినీ మన పల్లెలు "అమ్మవారు" అన్న ఒక్క పేరు కింద చెప్పుకున్నాయి. పాత రచనల్లో ఆ మాట కనిపించిన చోటల్లా మశూచి అని చదవటం నేపుల్స్ బిడ్డను చదివినట్టే. అది పాఠకుడు చేసే పొరపాటు. నాది అంతకంటే పెద్దది. పాఠమే దిద్దిన లేఖకుణ్ణి నేను. ప్రతీక కోసం పాఠం దిద్దాను. సంకలనం అచ్చయిన 1987 తర్వాత ఆ దిద్దుబాటు ఎన్ని ప్రతుల్లోకి దిగిందో తెలియదు. ఒకటి మాత్రం పెన్సిల్ ప్రశ్నతో నా దగ్గరికే తిరిగి వచ్చింది.

ఇప్పుడు కొందరు మిత్రులు, కథకుడికి స్వేచ్ఛ లేదా అని అడుగుతారు. ఉంది. 1918 అని సంవత్సరం వెయ్యకుండా, ఊరి పేరు చెప్పకుండా రాసి ఉంటే నాకు ఈ బాధ లేదు. తేదీ వేసి, ఊరు పేరు పెట్టి, జబ్బు మార్చటం స్వేచ్ఛ కిందికి వస్తుందో రాదో వాదించుకుందాం. వాస్తవికత అని మనం అన్నన్ని సార్లు ఇంకెవరూ అని ఉండరు కాబట్టి, ఈ వాదన మన పత్రికలోనే జరగటం న్యాయం.

ఆ అమ్మాయికి చివరికి ఉత్తరం రాశాను. నా కథను ఆధారాల్లోంచి తీసెయ్యమన్నాను. దాని బదులు అమ్మమ్మ చెప్పింది, నాకు గుర్తున్నంతవరకు, ఏమీ కలపకుండా రెండు పేజీలు రాసి పంపాను. ఆ ఏడు దసరా దాటాక మొదలైందట. పాడె కట్టటానికి వెదురు దొరక్క నిచ్చెనలు విప్పారట. వీధిలో ముసలివాళ్ళు మిగిలారు, పెళ్ళయిన కొత్తవాళ్ళు పోయారు అని చెప్పేది. ఆమె పెద్దన్నకు ఇరవై రెండేళ్ళు. పొద్దున పొలం నుంచి వచ్చి పడుకుని, మూడోనాటికి పోయాడు. ఒంటిమీద పొక్కుల మాట ఆమె ఒక్కసారి కూడా అనలేదు. పడుకున్న దిండు గలేబు ఉతికినా పోలేదని, ముక్కులోంచి అంత రక్తం కారిందని మాత్రం రెండు మూడు సార్లు అంది.